జోగికి చెప్పని జవాబు

శనివారం. బచేలి.

రాయపూర్ క్రీడా హాస్టల్‌కు మా బడి నుంచి ఒక్క అమ్మాయినే పంపమన్నారు. పొద్దున సోమారి పేరు రాసి పంపేశాను.

బాస్కెట్‌బాల్‌లో సోమారి, జోగి ఇద్దరూ సమానమే. అందుకే ఆటను పక్కన పెట్టి, ముందుముందు ఎవరి వల్ల ఏం మిగులుతుందని ఆలోచించాను. సోమారి పెద్ద జట్లలో ఆడి పేరు తెస్తుంది. జోగి ఇక్కడే ఉంటే పది మందిని తయారుచేస్తుంది. ఇప్పటికే ఆరో తరగతి పిల్లలు బంతి విసిరే ముందు ఆమెలాగే అరచేతులు గౌనుకు తుడుచుకుంటున్నారు, చేతికి ఇనుప గనుల ఎర్రదుమ్ము లేకపోయినా.

ఈ మాట చెబితే వార్డెన్ సరోజక్క నవ్వింది.

“ఏంది మాస్టారూ, పదిహేనేండ్ల పిల్లలకు అప్పుడే శిలాఫలకాలు చెక్కిస్తున్నరా?”

సాయంత్రం జోగి బంతులు గదిలో పెట్టి తాళం వేసి నా దగ్గరికి వచ్చింది. తెలంగాణ సరిహద్దులోని గొల్లపల్లి పిల్ల, తెలుగులోనే అడిగింది.

“సోమారి పోతదంట కదా సార్?”

“అవునమ్మా. నువ్వు ఇక్కడుంటే చిన్నపిల్లలకు మంచిది.”

“వాళ్లకు మంచిదే సార్. మరి నాకు?”

కోపంగా అనలేదు. తాళంచెవి నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

ఆమె చిన్నపిల్లలకు ఆట నేర్పడం మొదలుపెట్టాక నేను పొద్దున్నే లేచి మైదానానికి వెళ్లడం మానేశాను. పేరు రాసేటప్పుడు ఆ సంగతి గుర్తు రాలేదని ఇక్కడ రాస్తే అబద్ధమే అవుతుంది.

రేపు ఆరింటికి చిన్నపిల్లలు వస్తారు. జోగిని రమ్మని ఏ మొహంతో పిలవను...