సరోజ పక్కన కూర్చుంటేనే

ఫిబ్రవరి 3, మంగళవారం

పొద్దున్నే హామ్ రేడియో సెట్టు ముందు. ఆదోని పెద్దాయన లైన్లోకి వచ్చాడు. బర్రె ఈనిందట, దూడ ఆడదట. రేడియోలో చేరిన అందరి క్షేమాలూ పేరుపేరునా అడిగాడు, చివర్లో రోజూ అడిగేదే అడిగాడు: "ఇంగా ఎవురన్నా ఉండారా?" అడిగి కాసేపు ఆగుతాడు. ఆ కాసేపట్లో నేను "ఉన్నా" అంటాను. గోడతో. పదేళ్ళుగా గోడతోనే.

వినడం ఎవడైనా వింటాడు. మైకు నొక్కి మాట్లాడాలంటే లైసెన్స్ కావాలి, లేదంటే అది ఉన్న మనిషి పక్కన ఉండాలి. సెట్టు నేను కొన్నది, మేడ మీద ఏరియల్ తీగ నేను కట్టింది, ఫ్రేము కట్టి గోడకు తగిలించిన లైసెన్స్ మాత్రం నా భార్య సరోజది.

ఫిబ్రవరి 4

నిద్ర పట్టలేదు. మళ్ళీ ఆ లైసెన్స్ పరీక్షే గుర్తొచ్చింది. నేను చదువుతుంటే ప్రశ్నలు అడగమని సరోజను కూర్చోబెట్టుకున్నాను. అడిగీ అడిగీ ఆవిడగారికే అంతా వచ్చేసింది. హైదరాబాద్‌కు తోడొస్తే, "ఊకె కూసునే బదులు నువ్వుగూడ రాయరాదు" అన్నది ఎవరు? నేనే. నా నోరు పడిపోను. ఆమె పాసు. నేను రూల్స్ పేపర్లో ఫెయిలు. రెండోసారి పోయినా అదే పేపరు, అదే ఫెయిలు.

ఇప్పుడు దుకాణంలో చీరలు చూడటానికి వచ్చినవాళ్ళు కూడా, "అక్క రేడియోల మాట్లాడుతదట గదా!" అంటారు. ఒళ్ళు మండుతుంది. నవ్వుతూ ఇంకో చీర విప్పుతాను.

ఫిబ్రవరి 5, గురువారం

రేడియో క్లబ్ మీటింగ్. ఈ శని, ఆదివారాలు రంగనాయకసాగర్ కట్ట కింద డేరా వేసి ఆరుబయటి నుంచే రేడియో నడపాలట. కొత్తవాళ్ళెవరైనా రావచ్చు, మాట్లాడి చూడొచ్చు. లైసెన్స్ ఉన్న మనిషి పక్కన కూర్చోవాలి, అంతే. కొత్తవాళ్ళను చూసుకునేదెవరు? మా ప్రెసిడెంటు సుధాకర్ సార్ ఒక్క క్షణం ఆలోచించలేదు. "ఇంకెవలు, మన సరోజమ్మ." చప్పట్లు. ఆ తర్వాత నా వైపు తిరిగి, "మల్లేశం, గుంజలు, జనరేటర్ నువ్వు జూస్కో."

ఎప్పుడూ గుంజలే. నేను పుట్టిందే గుంజలు పాతడానికి.

అన్నం దగ్గర సరోజ అంది, "గాడ నువ్వుగూడ మాట్లాడొచ్చు. నేను పక్కకు కూసుంట."

"ఏమద్దు."

"పెద్దాయన దొరికితే?"

సగంలో లేచి చేయి కడుక్కున్నాను.

ఫిబ్రవరి 7, శనివారం

గుంజలెత్తి, తీగ లాగి కట్టి, చెమటలు కక్కుకుంటూ వచ్చేసరికి మా క్లబ్ ఖాజా భాయ్ బ్యాడ్జీలు పంచుతున్నాడు. లైసెన్స్ ఉన్నవాళ్ళకు నీలం, కొత్తవాళ్ళకు పసుపు. నాకు పసుపు! మొహం ఎక్కడ పెట్టుకోను?

"క్యా కరూఁ మల్లేశం భాయ్, రెండే రంగులు తెచ్చిన్రు" అన్నాడు, పాపం తనూ తలెత్తకుండా.

హుస్నాబాద్ నుంచి వచ్చిన టీచరమ్మ నా చొక్కా మీది పసుపు చూసి, "మీరుగూడ ఫస్ట్ టైమా అన్నా?" అంది. అవునమ్మా, ఫస్ట్ టైమే అన్నాను. ఆ గుంజలు వాటంతట అవే లేచి నిలబడ్డాయి మరి!

మధ్యాహ్నమంతా డేరా బయటే. లోపల ధూళిమిట్ట నుంచి వచ్చిన ముసలి రైతు మైకు పట్టుకుని అటూ ఇటూ తిప్పుతుంటే సరోజ, "భయమెందుకు కాకా? నొక్కి పట్టుకోని మాట్లాడు. ఇడిసినంక వాళ్ళు మాట్లాడుతరు" అని చెబుతోంది. మళ్ళీ మళ్ళీ చెబుతోంది, విసుగు లేకుండా. ఆయన ఎవరితోనో మాట్లాడి బయటికొచ్చాడు. ముసలి మొహం వెలిగిపోతోంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. టీ తాగడానికి పోయాను.

ఫిబ్రవరి 8, ఆదివారం

రాయకూడదు ఇది. రాస్తున్నా.

పొద్దున. కొత్తవాళ్ళు ఇడ్లీల దగ్గర. సరోజ సెట్టు ముందు. నేను బయట జనరేటర్ దగ్గర. ఉన్నట్టుండి స్పీకర్లో పెద్దాయన గొంతు, మా ఇంట్లో కంటే శుభ్రంగా, పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టు. సరోజ వెంటనే మా ఊరి పేరు చెప్పి పిలిచింది.

"సిద్దిపేటా! బాగుండావామ్మా?"

"మంచిగున్నమండి. మా ఇంటాయన పదేండ్ల సంది రోజు మీ మాటలే ఇంటడు. ఇంకెవలన్న ఉన్నరా అని మీరడిగితే, ఉన్నా అంటడు. మీకు ఇనబడది, గంతే."

తల కొట్టేసినట్టయింది. అంటే వినేదన్నమాట. ఇన్నేళ్ళూ వంటింట్లోంచి అన్నీ వినేది, ఒక్కనాడు నోరు మెదపలేదు. ఇప్పుడు మైకులో పెట్టి ఊరందరికీ చెప్పింది! ఇడ్లీల దగ్గర అందరూ ఇటే చూస్తున్నారు. నవ్వారో లేదో, నాకు మాత్రం నవ్వినట్టే ఉంది.

పెద్దాయన, "పదేండ్లా! అయ్యో నాయనా... ఆయప్ప పేరేందమ్మా? పిలువు తల్లీ, నేను కాసుకోనుంటా."

పెళ్ళయిన నాటి నుంచి నా పేరు నోట పలకని మనిషి, "మల్లేశం" అంది. నా వైపు తిరిగి మైకు చాపింది. "ఇగో, రా."

జనరేటర్ దగ్గింది. పెట్రోలు అడుగంటింది. డబ్బా నా కాళ్ళ దగ్గరే ఉంది. పోయి మైకు అందుకోవచ్చు. కాదంటే డబ్బా ఎత్తి పెట్రోలన్నా పోయొచ్చు. చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఇంకోసారి దగ్గింది. ఆమె చేయి అలాగే చాపి ఉంది.

ఆగిపోయింది. స్పీకరూ ఆగిపోయింది.

సుధాకర్ సార్ ఉరికొచ్చాడు. "ఏమైంది మల్లేశం?"

"పెట్రోలైపోయింది సార్. సూస్కోలే."

మళ్ళీ నడిపించేసరికి పెద్దాయన లేడు. సరోజ చాలాసేపు పిలిచింది. ఎవరెవరో పలికారు, ఆయన తప్ప.

సాయంత్రం ఆటోలో ఒకే ఒక్క మాట: "డబ్బా నీ కాళ్ళకాడనే ఉండె."

ఫిబ్రవరి 9

సెట్టు పెట్టలేదు.

ఫిబ్రవరి 10

పెట్టాను. పెద్దాయన రాలేదు. ఇంకెవరో క్షేమాలు అడిగారు... చివర్లో ఆ ప్రశ్న లేదు. అయినా "ఉన్నా" నోటిదాకా వచ్చి ఆగింది, వంటింట్లో ఆమె ఉంది కదా.

ఫిబ్రవరి 11, బుధవారం

ఖాజా భాయ్ దుకాణానికి వచ్చి ఫోన్ చూపించాడు. క్లబ్ గ్రూపులో సరోజ పెట్టింది: ఆదివారం జనరేటర్ ఆగడం తన తప్పేనట, పెట్రోలు సంగతి నాకు చెప్పడం మరిచిందట, క్షమించాలట. కింద ముప్పావు వంతు మంది దండాల బొమ్మలు. "అచ్ఛీ ఔరత్ భాయ్" అని మెచ్చుకుని పోయాడు.

ఎవరు అడిగారు ఈమెను? తిట్టినా బాగుండేది. నలుగురిలో కడిగేసినా పడి ఉండేవాణ్ణి.

ఇంటికి రాగానే, "ఎందుకు వెట్టినవ్ అట్ల?" అన్నాను.

"మరేం వెట్టాలె? ఉన్నది వెట్టాల్నా?"



ఫిబ్రవరి 12

ఇవాళా పెద్దాయన లేడు. ఒంట్లో బాగాలేదో ఏమో. ఎవరూ ఆ ఊసే ఎత్తలేదు. అడగాలంటే మైకు నొక్కాలి. నొక్కాలంటే సరోజ పక్కన ఉండాలి. ఆదివారం ఆయన నిజంగానే కాచుకుని కూర్చున్నాడేమో... ఎంతసేపు కూర్చున్నాడో! ఛీ, నా బతుకు.

ఫిబ్రవరి 13, శుక్రవారం

వచ్చాడు!

గాలికి తీగ తెగిందట, కట్టేవాడు దొరకలేదట. దగ్గు కాస్త ఉంది, గొంతు మాత్రం అదే. ఎవరినీ ఏమీ అడగలేదు. "అందురూ రవ్వంతసేపు ఉండండప్పా" అన్నాడు. "సిద్దిపేట మల్లేశం! వింటాండావా నాయనా? నీ కోసరమే కాసుకోనుండా."

అందరూ ఆగారు. స్పీకర్లో గరగర తప్ప ఏమీ లేదు. అంతమంది నా కోసం మైకులు వదిలేసి కూర్చున్నారు.

వంటింట్లో రొట్టె చప్పుడు ఆగింది.

మైకు చేతికందేంత దూరంలో ఉంది. నొక్కొచ్చు. ఈ గదిలో ఆమె ఉందో లేదో ఆదోనికేం తెలుసు? కానీ ఈ సెట్టు మీద పలకాల్సింది ఆమె కాల్ సైన్, సర్కారు ఆమెకిచ్చిన గుర్తు పేరు; పట్టుబడితే పోయేది ఆమె లైసెన్స్. ఈపాటి రూల్సు ఇప్పుడు బాగానే వచ్చు నాకు. సరోజా, అని పిలిస్తే చాలు. ఇన్నేళ్ళలో "ఇగో", "ఏమే" తప్ప ఏం పిలిచాను గనుక.

నీళ్ళ చప్పుడు. పిండి చేతులు కడుక్కుంటోంది.

గడప దాకా వచ్చి ఆగింది. కొంగుతో చేతులు తుడుచుకుంటోంది, నా వైపు చూడటం లేదు. ఈసారి అడిగితే తప్ప కూర్చోదు. పెద్దాయన మళ్ళీ నా పేరు పిలుస్తున్నాడు. నేనేమో తల వంచుకుని ఇది రాస్తున్నాను.