సిమెంటు పట్టిన కత్తి

బుధవారం, సలాలా (ఒమన్)

పక్క మంచం మీద మల్లన్న చెయ్యి మెడకు కట్టిన పట్టీలో ఉంది. మణికట్టు ఎముక విరిగిందని డాక్టర్ చెప్పాడు. అన్న చెప్పిన కత్తి కొని ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు.

కత్తి కొన్న రోజు కొట్టువాడు రెండు చూపించాడు. ఒకటి బొటనవేలితో తెరుచుకునే మామూలు మడత కత్తి. ఇంకొకటి బటర్‌ఫ్లై కత్తి. దాని రెండు పిడులూ గాలిలో తిప్పితే మధ్యలోంచి బ్లేడు బయటికొస్తుంది.

"తమ్మీ, సైట్ల పనికొచ్చేది గీ మామూలుదే. అది చూస్తందుకే మంచిగుంటది" అన్నాడు అన్న.

నా పెట్టెలో అప్పటికే ఉన్న కత్తులన్నీ చూడడానికే. ఇది జేబులోనూ ఉంటుందిలే అని బటర్‌ఫ్లైనే కొన్నాను. డ్యూటీ అయ్యాక రూములో తిప్పితే అందరికంటే ముందు చప్పట్లు కొట్టేది అన్నే.

ఇవాళ బకెట్టు పైకి లాగుతుంటే తాడు అన్న చేతికి చుట్టుకుని బిగిసిపోయింది.

"కొయ్యి తమ్మీ, జల్ది కొయ్యి."

తీశాను. పొద్దుటి నుంచి కలిపిన సిమెంటు జేబులోకి దిగి పిడుల సందుల్లో గడ్డకట్టింది. ఎంత గుంజినా విడలేదు. కింద నుంచి ఎవరో కట్టర్‌తో పరుగెత్తి వచ్చేదాకా అన్న పళ్ళు బిగపట్టి నా చేతుల వంకే చూశాడు.

రూముకొచ్చాక కత్తిని నల్లా కింద పెట్టి బ్రష్షుతో రుద్దాను. ఇప్పుడెందుకో నాకే తెలియదు.

ఇందాక అన్న పిలిచాడు. "నిద్ర పడ్తలేదు తమ్మీ. జర గా కత్తి తిప్పరాదు, చూస్త."

తిప్పాను. మొదటిసారికే తెరుచుకుంది. రెండో చెయ్యి లేవక, అన్న ఒక్క చేత్తోనే మంచం మీద తట్టాడు.