మామిడితోటలో మంగళవారం

తుని, 22-4-99

చిరంజీవి దుర్గాసాయికి, మీ బావ అప్పాజీ దీవించి రాయునది. దీవెన రివాజు కోసం రాశాను, మనసులో లేదు.

పాత మినీబస్సులో సీట్లు పీకించి, పరుపులూ గ్యాస్ పొయ్యీ పెట్టించి, ఇరవైరెండు రోజులు కాశీ, పూరీ తిరిగి క్షేమంగా కాకినాడ చేరారట. సంతోషం. కానీ మంగళవారం ఆ బస్సు మా ఊరి బయట హైవే పక్కన మామిడితోటలో సాయంత్రం దాకా ఆగి ఉందట. మాకు పాలు పోసే చిట్టియ్య చూశాడు. అక్కడికి మా గుమ్మం మూడు కిలోమీటర్లు. కాశీ దాకా వెళ్లినవాడికి మూడు కిలోమీటర్లు బరువయ్యాయా?

నేను హెడ్మాస్టరుగా ఉన్న రోజుల్లో స్కూలు తనిఖీకి వచ్చినవాళ్ల డ్రైవర్లకి కూడా మా ఇంట్లోనే భోజనం. సొంత బావమరిది గడప తొక్కకుండా పోయాడంటే నలుగురిలో తల ఎక్కడ పెట్టుకోను?

ఇట్లు,
గుమ్మంలోనే నిలబడి ఉన్న అప్పాజీ

తా.క.: ఆ రోజు మీ అక్క వీరవేణి ఇంట్లో లేదనుకో. మొక్కుందని పొద్దున్నే తలుపులమ్మ లోవకి వెళ్లి దీపాలవేళకి వచ్చింది. నేను చద్దన్నం తిన్నాను. అయినా పక్కింటివాళ్ల చేత వండించైనా మీకు పెట్టేవాణ్ణి.

కాకినాడ, 26-4-99

బావగారికి, కవరు విప్పకముందే మీ కోపం తెలిసిపోయిన దుర్గాసాయి నమస్కారాలు.

మీ ఇంటికి రాకుండా పోతామాండీ. తోట దగ్గరికొచ్చేసరికి రేడియేటర్ పొంగి బండి ఆగిపోయింది. చెట్టు కింద చాపలేసుకుని కూర్చున్నాం. మీ ఇంటికి ఎప్పుడొచ్చినా తీరిగ్గా రావాలండి. మూడు పూటలా రొయ్యలు, పనసపొట్టు, ఆపైన మీ సన్మానం ఆల్బం. అలిసిపోయి వస్తే వాటికి న్యాయం చెయ్యలేం.

ఇట్లు,
మీ దుర్గాసాయి

తా.క.: ఆల్బం పోయినసారి రెండుసార్లే చూశాం.

తుని, 30-4-99

దుర్గాసాయికి,

దీవెనలు ఈసారికి ఆపాను. చిట్టియ్యని మళ్లీ పిలిచి అడిగాను. మీ డ్రైవర్ బానెట్ ఎత్తనేలేదట, కొమ్మకి దుప్పటి కట్టుకుని ఊగుతున్నాడట. మీ ఆవిడ నాగదుర్గ మొహం మీద తువ్వాలు కప్పుకుని రోజంతా చాప మీద పడుకునే ఉందట. నువ్వు మూడుసార్లు టీ అందించి, కాళ్లు కూడా నొక్కావట. పెళ్లానికి కాళ్లు నొక్కేవాడికి బావ ఇల్లు ఎందుకు గుర్తుంటుందిలే.

వచ్చే నెల మా దుర్గాశ్రీ పెళ్లి. పెళ్లికూతుర్ని బుట్టలో పీటల మీదికి తేవలసిన మేనమామవి నువ్వు. నిజం రాయి. లేకపోతే ఆ బుట్ట ఇంకొకరు మోస్తారు.

ఇట్లు,
అప్పాజీ

తా.క.: వంగపండు రంగు ఉప్పాడ చీర కట్టుకుని పడుకుందట. అలాంటిదే మీ అక్కకీ కొన్నాను. ఆవిడ దాన్ని గుళ్లకి మాత్రమే కడుతుంది. మీ ఆవిడ మట్టిలో పొర్లిస్తోంది.

కాకినాడ, 4-5-99

బావగారికి, దీవెనలు లేకపోయినా నమస్కారాలు మానని దుర్గాసాయి రాయునది.

మీరు కంగారు పడతారని దాచాను. మావాడు మణిదీప్‌కి అమ్మవారు పోసిందండి. ఆ పిల్లాణ్ణి పెళ్లివారింటికి ఎలా తీసుకురాను? బుట్ట మాత్రం నాకే ఉంచండి. బారసాలనాడు దుర్గాశ్రీని మొదట ఎత్తుకున్న మేనమామని నేను. అది ఇంకొకరి చేతుల్లో పీటల మీదికి వస్తే చూడలేను.

ఇట్లు,
మీ దుర్గాసాయి

తా.క.: ఇప్పుడు తగ్గిపోయింది. మచ్చ కూడా లేదు.

తుని, 8-5-99

దుర్గాసాయికి,

నీ ఉత్తరం సంగతి నేను ఇద్దరికే చెప్పాను. సాయంత్రానికి పెళ్లికొడుకు వాళ్లకి తెలిసిపోయింది. అమ్మవారు పోసిన ఇంటి మేనమామ బుట్ట ముట్టుకోకూడదని కబురు పెట్టారు. నేను చేసేదేం లేదు. మీ అక్కకి పెదనాన్న కొడుకు బుల్లియ్యని అడిగాను. నడుంనొప్పి ఉందట, పిల్ల బరువెంతో ముందే చెప్పమన్నాడు.

ఇట్లు,
అప్పాజీ

తా.క.: ఈ ఉత్తరం మీ అక్కకి చదివి వినిపించాను. అప్పట్నుంచీ వంటింట్లో గిన్నెలు గట్టిగా పెడుతోంది.

తుని, 10-5-99

తమ్ముడికి, ఇది మీ బావ రాసింది కాదు, ధైర్యంగా చదువుకో.

నా కోసం లేని జబ్బు పిల్లాడికి అంటగట్టావు. తలుపులమ్మ తల్లి మనిద్దర్నీ క్షమించాలి. నిన్న పెళ్లిపనుల వాళ్లకి ఆరోసారి కాఫీలిచ్చి, మీ బావ ఎదురుగా కూర్చుని చెప్పేశాను.

“చాప మీద పడుకున్నది నాగదుర్గ కాదండి, నేను. లోవకి వెళ్లలేదు. పూరీ నుంచి తమ్ముడు ఫోన్ చేస్తే తోటలో ఆగమన్నది నేనే. మన ఇంటికి రావద్దన్నదీ నేనే. ఇరవయ్యారేళ్లుగా మీరు పిలవని మనిషి లేడు, నేను వండని పూట లేదు. ఒక్కరోజు ఎవరూ ఏమీ అడక్కుండా పడుకోవాలనిపించింది.”

ఆ రోజు నాగదుర్గ కంచంలో అన్నం పెట్టి ముందుకు తెస్తే ఏడుపొచ్చిందని కూడా చెప్పాను.

అంతా విన్నారు. తర్వాత, “ఆ రోజు నేను చద్దన్నం తిన్నాను, తెలుసా?” అన్నారు.

“నేను రోజూ తింటున్నానండి” అన్నాను.

చొక్కా తొడుక్కుని ఆయనే పెళ్లికొడుకు ఇంటికెళ్లి, అమ్మవారూ లేదు ఏమీ లేదని చెప్పి వచ్చారు. బుట్ట నువ్వే మోయాలి.

ఇట్లు,
మీ అక్క వీరవేణి

తా.క.: పదహార్రోజుల పండగ అయ్యాక బస్సు మళ్లీ ఆ తోటలోనే పెట్టు, ఈసారి రెండు రోజులు. మీ బావ తనూ వస్తానంటున్నారు, ఆల్బం పట్టుకుని. రేడియేటర్ ఇంకా బాగవలేదని చెప్పాను.