ఎవడో ఒకడు

ఒరేయ్ కోల్బీ,

శనివారం మీ బ్రైర్‌ఫీల్డ్ కాలేజీ ఫుట్‌బాల్ ఆట రేడియోలో విన్నాం. నా కటింగ్ షాపులో ఆ గొడవ ఇంకా ఆగలేదు.

"గీతకి రెండు గజాల దూరంలో ఉండి, బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తించకుండా తన్నిస్తాడా? ఆ కోచ్‌కి గుండె లేదయ్యా!" అని ఓర్విల్ నా కుర్చీలోనే ఎగిరెగిరి పడ్డాడు. "ఆ తన్నుతోనే కదయ్యా గెలిచాం!" అని హాస్కెల్ అతని మీదికి ఉడకబెట్టిన వేరుశనగ తొక్క విసిరాడు. బంతి తన్నినవాడి బూట్ల మీద కూడా వాదించుకున్నారనుకో.

అంతలో హాస్కెల్‌కి అనుమానం వచ్చింది. "ఇంతకీ ఆ తన్నేవాడి కోసం వంగి, కాళ్ల మధ్యనుంచి బంతిని వెనక్కి విసురుతాడే, ఆ కుర్రాడి పేరేంటి?"

ఒక్కడికీ తెలియదు. "ఎవడో ఒకడులే" అన్నాడు ఓర్విల్.

నీ పేరు నా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ మొదటి ఏడాది నువ్వన్న మాట గుర్తొచ్చి మింగేశాను. "మావయ్యా, ఒక్కసారి తప్పు విసిరితే చాలు, నా పేరు రాష్ట్రమంతా తెలుస్తుంది."

నాలుగేళ్లయింది. ఇన్ని నోళ్లున్న షాపులో నీ పేరు ఒక్క నోరూ ఎత్తలేదు. ఆ గర్వంలో ఓర్విల్ ఎడమ చెవి పైన జుట్టంతా గొరిగేశాను. పాపం, అతనింకా అద్దం చూసుకోలేదు.

వచ్చే శనివారం నీ ఆఖరి ఆట. మీ అమ్మా నేనూ వస్తున్నాం. ఈసారి కూడా నీ పేరు ఎవరికీ తెలియకుండానే ఆడి రా. మర్నాడు ఓర్విల్‌కి నీ పేరు నేనే చెబుతాను.

ఇట్లు,
ఎవడో ఒకడి మావయ్య