బరువు తేలేదాకా

చిలీ, కొండ మీద నుంచి

అమ్మా,

నేను క్షేమం. నీ ఉత్తరం అందింది మొదలు ముద్ద దిగడం లేదు. ఫోన్లో నాన్న గొంతు వింటే ఏడ్చేస్తానని కార్డు రాస్తున్నాను. ఎక్స్‌రేలో తన ఊపిరితిత్తి మీద నీడ కనబడితే, "పోయిన మా అన్న ఎడ్మండ్‌కీ ఇదే నీడ. అదేంటో నాకు తెలుసు. ఇంకా ఆ సూదులూ కోతలూ ఎందుకే?" అన్నాడా? ఆయనకిది చదివి వినిపించు.

మా పనీ నీడలతోనే. పోయిన నెల ఒక నక్షత్రానికి ఏదో అడ్డొస్తున్నట్టు, రెండు రోజులకోసారి దాని వెలుగు కాస్త తగ్గి మళ్లీ మామూలయ్యేది. "గ్రహమే! మన గురుడంత ఉంది, నక్షత్రానికి ఆనుకుని కుతకుత ఉడుకుతోంది!" అని నాతో పనిచేసే తిమోన్ గంతులేశాడు. పెద్ద దుర్భిణితో దాని బరువు లెక్కకట్టి చూస్తే గ్రహం కాదు, గుడ్డిదీపం లాంటి బుల్లి నక్షత్రం. నీడ ఎంత ఉందో తెలుస్తుంది గానీ, అది దేని నీడో తెలియదు.

అందుకే బరువు తేలకముందే 'గ్రహం' అన్నవాళ్లు ఇక్కడ వారం పాటు అందరి గిన్నెలూ తోమాలి. పరీక్ష అయ్యేదాకా మనింట్లోనూ ఆ జబ్బు పేరు ఎత్తొద్దు. నాన్న ఎత్తితే గిన్నెలు ఆయన చేతే తోమించు. కార్డు అందిన రోజే ఆసుపత్రికి లాక్కెళ్లు. చలికి పొయ్యిలోకి బొగ్గు తెప్పించారా? రాత్రిళ్లు ఆయనకి బీట్‌రూట్ చారు వేడిగా ఇవ్వు.

మరియ తల్లి మీ ఇద్దరినీ చల్లగా చూడాలి.

బోగ్నా

ఈ వారం ఇక్కడ గిన్నెలు నావే. నీ ఉత్తరం చదువుతూ ఆ జబ్బు పేరు నేనే పైకి అనేశాను.