చమేలీ, చంపా, మా తమ్ముడూ

రాయపూర్, తెలీబంధా
20-3-1983

గంగాభవానక్కకి నమస్కారాలు.
నీ మరదలు సుభద్ర పోయి ఏడాదైనా గడప దాటడం లేదని నువ్వు పెట్టిన చీవాట్లు అందాయి. డాక్టరూ ఎండలో నడవమన్నాడు. నడుస్తున్నాను. ఆఫీసులో అప్పారావు కెమెరా ఇచ్చాడు. ఇవాళ మా వీధిలో చమేలీని ఫోటో తీశాను. పొద్దుటెండలో ఏం అందమనుకున్నావు! రేపు చంపా దగ్గరికి వెళ్తాను.
నీ తమ్ముడు, భీమారావు

తా.క. చమేలీ దగ్గర కాసేపు నిలబడితే చాలు, ఇంటికొచ్చినా వాసన వదల్లేదు.

పార్వతీపురం
26-3-1983

తమ్ముడికి దీవెనలు.
ఏట్రా ఇది? యాభై రెండేళ్ళు నీకు! చమేలీ ఎవత్తె? చంపా ఎవత్తె? వాళ్ళకి మొగుళ్ళు లేరా? నీ ఉత్తరం చదివి మీ బావ నవ్వుతున్నారు. ఆయన సంగతి తర్వాత చూస్తాను.
అక్క

తా.క. వాసన వదలకపోతే కుంకుడుకాయతో తలంటుకో.

రాయపూర్
2-4-1983

అక్కకి నమస్కారాలు.
నీ ఉత్తరం మీద టీ ఒలికింది. ‘చమేలీ ఎవ’ దాకానే తెలిసింది. ఎవరిదనేగా? పక్కింటి దానయ్య గారిది. ‘తీస్కోండి సాబ్, రోజూ రండి’ అన్నారు. పెద్దమనిషి. చంపా మాత్రం గోడ మీంచి వీధిలోకి వంగుతుంది. దారినపోయే ప్రతివాడూ చెయ్యేస్తాడు.
భీమారావు

తా.క. నిన్న ఈదురుగాలికి చంపా మా గుమ్మంలో వచ్చి పడింది. జాలేసి లోపలికి తెచ్చి నీళ్ళల్లో పెట్టాను.

పార్వతీపురం
8-4-1983

ఒరే భీమారావూ,
దీవెనలు తర్వాత. ఫోటోలన్నీ వెంటనే పంపు. చూసి, మీ బావా నేనూ పాసింజరెక్కుతాం.
అక్క

తా.క. ఆ చంపాకి పొడిచీరైనా ఇచ్చావా? ఎంత కాదన్నా ఆడకూతురు.

రాయపూర్
14-4-1983

అక్కా, అవి పువ్వులే!
ఇక్కడ సన్నజాజిని చమేలీ అంటారు, సంపెంగని చంపా అంటారు. పాతికేళ్ళుగా ఈ ఊళ్ళో ఉండి తెలుగు పేర్లు నోటికి రావడం మానేశాయి. ఇదుగో, పన్నెండు ఫోటోలు. కడిగించి తెచ్చినవి తెచ్చినట్టే కవర్లో పెట్టాను. చూసి నీ మనసు కుదుటపరచుకో.
భీమారావు

పార్వతీపురం
21-4-1983

తమ్ముడికి దీవెనలు.
పువ్వులు చూశాను. ఒక్కటీ తిన్నగా లేదు, పొగ పట్టినట్టున్నాయి. కానీ తొమ్మిది ఫోటోల్లో పువ్వు వెనకాల వరండాలో ఒకావిడ కూర్చుని ఉంది. ఆవిడ గాజులు కూడా లెక్కపెట్టొచ్చు. ఎవర్రా ఆవిడ? ఆ తొమ్మిదీ తిప్పి పంపుతున్నాను. అడక్కుండా తీసినందుకు వెళ్ళి క్షమాపణ చెప్పు.
అక్క

తా.క. ఎనిమిదే పంపుతున్నాను. ఆవిడ నవ్వుతున్నది నేనుంచుకున్నాను.

రాయపూర్
29-4-1983

అక్కకి నమస్కారాలు.
నీ మీద ఒట్టు, తీసేటప్పుడు నేను చూసుకోలేదు. ఆవిడ దానయ్య గారి చెల్లెలు ఊర్మిళ గారు. బళ్ళో టీచరు. భర్త పోయి ఆరేళ్ళట. నువ్వు చెప్పినట్టే ఫోటోలు పట్టుకుని వెళ్ళాను. గేటు దగ్గర రెండుసార్లు వెనక్కి తిరిగాను. చివరికి ఫోటోలు చేతికిచ్చి, “క్షమించండి, పువ్వులకని తీశాను. సరిగా రాలేదు,” అన్నాను.
ఆవిడ ఒక్కొక్కటే తీరిగ్గా చూసింది.
“అరే, ఫోకస్ బాగానే ఉంది కదండీ!”
సుభద్ర పోయాక నేను పైకి నవ్వడం ఇదే మొదలు. ఆవిడా నవ్వింది. లోపలికెళ్ళి టీ పెట్టింది.
నీ తమ్ముడు, భీమారావు

తా.క. నువ్వూ బావా ఎప్పుడొస్తారని దానయ్య గారు అడుగుతున్నారు. నేను కాదు.