ఎలుకకి పది రోజుల గడువు

మంగళవారం, రాత్రి

సబ్బుతో మూడుసార్లు కడిగినా చేతుల కంపు వదలడం లేదు.

పోయిన వారం రైస్ మిల్లులో బస్తా ఎత్తుతుంటే మా ఆయన్ని ఎలుక కరిచింది. దాన్ని బోనులో పట్టి ఇంటికే తెచ్చారు. "కుక్క కరిస్తే పది రోజులు చూడమంటారు కదే. ఇదీ అంతే. అది చావకపోతే నాకేం కాదు" అన్నారు. నమ్మాను, నా బుద్ధి తగలెయ్య! మేం తినే గిన్నెలోని అన్నమే రోజూ దానికీ వేశాను. అది బలిసింది. ఆయన జ్వరంతో, కీళ్ళ నొప్పులతో మంచం పట్టారు. అరచేతుల నిండా ఎర్రటి మచ్చలు.

ఇవాళ మండపేటలో డాక్టరమ్మ విని తల పట్టుకుంది. "ఆ క్రిములు ఎలుక నోట్లోనే ఉంటాయండీ. దానికేం కాదు, జ్వరం మనకే. కరిచిన రోజే రావాలి కదండీ" అని ఇంజెక్షన్ చేసింది.

ఇంటికి రాగానే ఈయన మాట: "ఇంకా రెండు రోజులుంది, దానికి అన్నం వెయ్యి." ఛీ! ఇంత అన్నం బోనులో విదిలించి వచ్చి చేతులు కడుక్కున్నాను.

మొన్న అన్నం వేస్తుంటే అది నా వేలూ కొరికింది. ఆయన తిడతారని చెప్పలేదు. ఇవాళ డాక్టరమ్మ ముందు కూడా ఆ చేతిని కొంగులోనే దాచుకున్నాను.